చిన్ముద్ర సంగతి తర్వాత, ముందు కింద వేసిన దుప్పటి మడత చూడండి

మీరడిగినవి రెండు. బాసింపట్టు వేసుకుంటే 15 నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కి నడుము వాలిపోతోంది, ఏం చెయ్యాలి? చిన్ముద్ర (బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలపడం) పట్టకపోతే ధ్యానం ఫలించదంటున్నారు, నిజమేనా?

రెండోదానికి జవాబు మాత్రం ముందే చెప్పేస్తాను. నిజం కాదు. పతంజలి యోగసూత్రాల్లో ఆసనానికి ఇచ్చినవి మూడే, మొదటిది 'స్థిరసుఖమాసనమ్' (2-46), అంటే నిలకడగా, సుఖంగా ఉండేదే ఆసనం. వాటిలో వేళ్ల ఊసే లేదు. గీత ఆరో అధ్యాయంలోనూ మరీ ఎత్తూ పల్లమూ కాని ఆసనం గురించీ, ఒళ్లూ మెడా తలా నిటారుగా నిలపడం గురించీ ఉంది గానీ ముద్ర పేరు లేదు. మీ మైలాపూర్ కపాలీశ్వరుడి గుడిలో దక్షిణామూర్తి కుడిచేతికి ఉన్నది చిన్ముద్రే, కానీ అది శిష్యులకు బోధించే చెయ్యి.

అసలు చిక్కు కింద ఉంది. చెన్నై ఫ్లాట్లలో టైల్స్ మీద ఓ కోరపాయి (తుంగచాప) పరిచి కూర్చుంటారు. తుంటి చుట్టూ కండరాలు బిగుసుకున్నవాళ్లకి అక్కడ కటి వెనక్కి దొర్లుతుంది, మోకాళ్లు గాల్లో లేస్తాయి, నడుము గుండ్రంగా వంగుతుంది. ఇక మీరు ఎంత 'నిటారుగా' అనుకున్నా వీపు కండరాలతో లాగి నిలబెడుతున్నట్టే. పావుగంటలో అవి అలిసిపోతాయి.

మందపాటి దుప్పటిని నాలుగంగుళాల ఎత్తు వచ్చేలా గట్టిగా మడవండి. దాని ముందు అంచు మీద మాత్రం కూర్చోండి, తొడలు కిందికి వాలాలి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగాయా లేదా అన్నదే పరీక్ష. దిగకపోతే ఇంకో రెండంగుళాలు పెంచండి. అప్పటికీ గాల్లో ఉంటే మోకాళ్ల కింద తువ్వాళ్లు దోపండి. బూరుగు దూది దిండు వద్దు, పది నిమిషాల్లో అణిగి మళ్లీ మొదటికే వస్తారు. చేతులు పిరుదుల కింద పెట్టి చూస్తే రెండు గట్టి ఎముకలు తగులుతాయి. బరువు వాటి మీద పడాలి గానీ వాటి వెనక కాదు.

తిమ్మిరికి రక్తం ఆగిపోవడమే కారణం అనుకుంటారు. చాలాసార్లు నొక్కుకునేది నరం. మోకాలి బయటి పక్కన, కాస్త కిందగా, ఎముకను చుట్టుకుని పోయే నరం మీద రెండో కాలి బరువు పడుతుంది. కాళ్లను ఒకదాని మీద ఒకటి కాకుండా ఒకదాని ముందొకటి నేల మీదే ఉంచితే చాలావరకు పోతుంది. మోకాలి లోపలి వైపు పోటు వేరు సంగతి. తుంటి తిరగక మోకాలు మెలితిరుగుతోందన్నమాట. ఓర్చుకోవద్దు, వెంటనే కాలు చాపెయ్యండి.

ఇక చేతులు. ముద్ర శక్తిని పుట్టిస్తుందనే వాదన జోలికి పోను. పనికొచ్చేది మాత్రం ఉంది: అది మీ స్థితిని చూపించే ముల్లు. బొటనవేలూ చూపుడువేలూ కొసలు తాకీ తాకనట్టు, మధ్యలో కాగితం ముక్క పెడితే జారిపోనంత మాత్రమే ఆననివ్వండి. కునుకు వస్తే కొసలు విడిపోతాయి. పంతంగా కూర్చుంటే గోళ్లు తెల్లబడేంత నొక్కుతాయి. ఒళ్లో చేతిమీద చెయ్యి పెట్టే ధ్యానముద్రలోనూ అంతే, ఒకదానికొకటి ఆనిన బొటనవేళ్ల వంతెన కుంగితే నిద్ర, కొండలా లేస్తే బిగువు. మన బుద్ధ విగ్రహాల్లో ఎక్కువగా కుడిచెయ్యి పైన ఉంటుంది, జపాన్ జెన్ బౌద్ధంలో ఎడమది. ఏదైనా ఒకటే, రోజూ మార్చకండి.

చాలామంది పొరబడేది చేతులు పెట్టే చోటు దగ్గర. ఫొటోల్లో చూసి మోకాళ్ల చివరదాకా చాస్తారు. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకి అదే భుజాలను ముందుకు లాగి వీపు వంచేస్తుంది. మోచెయ్యి భుజం కిందికి తిన్నగా వేలాడాలి, అరచెయ్యి తొడ మధ్యలో ఎక్కడ పడితే అక్కడే. ఒళ్లో పెట్టుకునేవాళ్లు చేతుల కింద మడిచిన తువ్వాలు వేసుకుంటే ఆ బరువు మెడ మీద పడదు.

కింద కూర్చోలేకపోతే కుర్చీ తప్పేం కాదు. ప్లాస్టిక్ కుర్చీ సీటు మాత్రం వెనక్కి పల్లంగా ఉంటుంది కాబట్టి, వెనక సగంలో తువ్వాలు మడిచి పల్లం పూడ్చండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి.

లేచేటప్పుడు తొందర వద్దు. స్పర్శ లేని పాదం మీద నిలబడితే చీలమండ మడతపడుతుంది. కాళ్లు చాపి, కాలివేళ్లు పైకీ కిందికీ ఆడించి, నేల చల్లదనం తెలిసాకే లేవండి. గంటలు గడిచినా మొద్దుబారుడు తగ్గకపోతే, పాదం పైకి ఎత్తలేకపోతే, డాక్టరుకి చూపించండి.