అమెరికా కాలేజీ టెన్నిస్: పెట్టిన ఖర్చు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఎనిమిదో ఏట నుంచి టెన్నిస్ ఆడుతున్నాడు, యూటీఆర్ (ఆటగాడి స్థాయి చెప్పే రేటింగ్) 10.8. అమెరికాలో ఇప్పుడు కాలేజీ ఆటగాళ్లకు కోట్లు ఇస్తున్నారట, నచ్చకపోతే ఏటా కాలేజీ మారొచ్చట. కాలేజీ ఆటల్లో పై శ్రేణి అయిన డివిజన్ 1లో ఒక యూనివర్సిటీ ట్యూషన్ ఫీజులో 60 శాతం ఇస్తానంటోంది. దాని కింది శ్రేణి డివిజన్ 2 కాలేజీ ఒకటి ట్యూషన్, హాస్టల్, భోజనం అన్నీ ఇస్తానంటోంది. ఏది మంచిది? మా కన్సల్టెంట్ స్కాలర్‌షిప్‌లో పది శాతం ఫీజు అడుగుతూ, ముందు డివిజన్ 1లో చేరి తర్వాత పెద్ద యూనివర్సిటీకి మారమంటున్నారు. అలా చేస్తే ఇన్నాళ్లూ పెట్టిన ఖర్చు వెనక్కి వస్తుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు ఇన్ని అడిగినా, అసలు అడిగింది చివరి వాక్యమే. పదేళ్లుగా కోచింగుకు, రాకెట్లకు, ఊరూరా టోర్నమెంట్లకు పోసిన డబ్బు ఏమైపోతుందోనన్న దిగులు మీది. ఆ లెక్క పిల్లవాడి నెత్తిన పెట్టి విమానం ఎక్కిస్తే వాడు మొదటి సెమిస్టర్‌లోనే కుంగిపోతాడు. పోయిన ఖర్చు పోయినట్టే అనుకోండి. దానివల్ల దక్కింది చేతిలోనే ఉంది. పద్దెనిమిది నిండని కుర్రాడికి రెండు ఆఫర్లు వచ్చాయి, అందులో ఒకటి దాదాపు ఖర్చు లేని డిగ్రీ. దిగులు పడాల్సిన ఇల్లు కాదు మీది.

ఇక కోట్ల సంగతి. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని అక్కడి కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఆ సంస్థ మీద వేసిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం పడ్డాక, ఆ జూలై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వడం మొదలైంది. రాజీలో చేరిన ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది పంచగల గరిష్ఠ మొత్తం సుమారు 2.05 కోట్ల డాలర్లు. వినడానికి బాగుంది కదా? అందులో ముప్పావు వంతు దాకా ఫుట్‌బాల్‌కే పోవడం పెద్ద యూనివర్సిటీల్లో మామూలైంది. ఫుట్‌బాల్ అంటే మనదికాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరిమీద ఒకరు పడేది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మగపిల్లల బాస్కెట్‌బాల్‌కు. టీవీ డబ్బు తెచ్చేవి ఆ రెండే. టెన్నిస్ దగ్గరికి వచ్చేసరికి పళ్లెంలో మెతుకులు మిగలవు. పైగా ఫుట్‌బాల్‌కు డబ్బు సర్దడానికి చిన్న ఆటల బడ్జెట్లు కోస్తున్నారు, కొన్నిచోట్ల టెన్నిస్ జట్లనే ఎత్తేశారు. డివిజన్ 2కు ఈ పంపకంతో సంబంధమే లేదు.

ఇందులో మీకు పనికొచ్చే మార్పు ఒకటుంది. ఇదివరకు డివిజన్ 1 మగపిల్లల టెన్నిస్‌కు జట్టు మొత్తానికి 4.5 స్కాలర్‌షిప్‌లే, వాటినే ముక్కలు చేసి ఎనిమిది తొమ్మిదిమందికి పంచేవారు. రాజీలో చేరిన యూనివర్సిటీలు ఇప్పుడు పదిమంది జట్టులో పదిమందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అనే, ఇస్తారని కాదు. మీకొచ్చిన 60 శాతం ఆఫర్ చూస్తేనే తెలుస్తోంది, ఆ కోచ్ దగ్గర పది లేవని.

డబ్బు కంటే నాకు ఎక్కువ భయం వీసా గురించి. మీవాడు వెళ్లేది ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద. స్కాలర్‌షిప్ ఉద్యోగం కాదు కాబట్టి దానికి అడ్డులేదు. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని కూడా సరే. కానీ అక్కడి రాకెట్ షాపు వాళ్లు 800 డాలర్లిచ్చి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెట్టమంటే, హాస్టల్ గదిలో కూర్చుని చేసినా అనుమతి లేని పని కిందికి రావచ్చు. జట్టులోని అమెరికన్ కుర్రాడు అదే రీల్‌కు డబ్బు తీసుకుంటాడు, 600 డాలర్లు దాటిన ఒప్పందమని రూలు ప్రకారం రిపోర్ట్ చేసి ఊరుకుంటాడు. మీవాడు చేస్తే పోయేది ఆట ఒక్కటే కాదు, స్టేటస్ పోయి చదువే ఆగుతుంది. సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు ఇక్కడే షూటింగ్ చేసి, ఇక్కడే పన్ను కట్టే దారిని కొందరు విదేశీ ఆటగాళ్లు వాడుతున్నారు. 2022లో కాంగో నుంచి వచ్చిన కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కర్ షీబ్వే, జట్టు బహామాస్ వెళ్లినప్పుడు తన ఒప్పందాల పని అక్కడ చేసుకున్నాడు. ఆ దారైనా యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసుకు, ఇమ్మిగ్రేషన్ లాయరుకు ముందు చెప్పాకే. జట్టు కోచ్ 'పర్లేదు' అంటే చాలదు, వీసా చట్టం చదవడం ఆయన పని కాదు.

నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడని ఎవరైనా ఉదాహరణ చెబితే, ఆ అబ్బాయి అమెరికాలో పుట్టినవాడని గుర్తుపెట్టుకోండి. వాళ్లకు ఈ వీసా బెడదే లేదు. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడాడు, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008ల్లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాడు. ఇద్దరివీ ఈ డబ్బులూ, కాలేజీ మారే పోర్టలూ రాకముందు రోజులు.

'ముందు చేరి తర్వాత మారదాం' అన్న మాట దగ్గర మాత్రం మిమ్మల్ని కాస్త గట్టిగా అనక తప్పదు. పిల్లవాడు ఇంకా చేరనైనా లేదు, మీరు అప్పుడే అక్కడి నుంచి తీసేసే ప్లాన్ వేస్తున్నారు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్లు చేర్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబరులో మొదలైంది. 2024 ఏప్రిల్ నుంచి చదువు నిబంధనలు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఏడాది కూర్చోకుండా ఆడొచ్చు. ఇందులో రెండో వైపు కన్సల్టెంట్ చెప్పలేదు. తలుపు తెరిచి ఉంటే బయటికి వెళ్లేవాళ్లే కాదు, లోపలికి వచ్చేవాళ్లూ ఉంటారు. కోచ్‌కు ఈ ఏడాదే గెలవాలి. పద్దెనిమిదేళ్ల కొత్త కుర్రాణ్ని రెండేళ్లు తీర్చిదిద్దడం కంటే, మూడేళ్లు ఆడిన ఇరవై రెండేళ్లవాణ్ని పోర్టల్ నుంచి తెచ్చుకోవడం ఆయనకు తేలిక. జట్టులో పదిమంది ఉన్నా సింగిల్స్ ఆడేది ఆరుగురే. 10.8తో డివిజన్ 1లో ఆ ఆరుగురిలోకి రావడం చాలాచోట్ల కష్టం. ఆడనివాణ్ని పోర్టల్‌లో ఎవరు చూస్తారు?

మారడం ఎలా జరుగుతుందో కూడా వినండి. పిల్లవాడు ఆ ఆటకు కేటాయించిన గడువులోనే కాలేజీలో ఆటల నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకు రాసివ్వాలి. రెండు పనిదినాల్లో పేరు పోర్టల్‌లో చేరుతుంది. ఆ క్షణం నుంచి ప్రస్తుత కాలేజీ తర్వాతి టర్మ్‌కు స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు, జట్టులో చోటు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఎవరూ తీసుకోకపోతే వెనక్కి వస్తానన్నా రానివ్వాలన్న రూలు లేదు. అప్పుడు వీసా నిలవాలంటే సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు సొంత డబ్బుతో కట్టి చదవాలి. ఎవరైనా తీసుకుంటే సెవిస్ రికార్డు (ప్రభుత్వం దగ్గరుండే విదేశీ విద్యార్థి రికార్డు) కొత్త కాలేజీకి మారాలి, వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం కొత్తది రావాలి, దానికి మళ్లీ బ్యాంకు కాగితాలు చూపాలి. ఎక్కువమంది చతికిలపడేది వీటన్నిటికంటే క్రెడిట్ల దగ్గర. డివిజన్ 1లో మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం పూర్తయి ఉండాలి. ఆ శాతం లెక్క కొత్త కాలేజీ డిగ్రీ ప్రకారం. పాత కాలేజీలో చేసిన నాలుగు ఇంజనీరింగ్ సబ్జెక్టులను వాళ్లు ఒప్పుకోకపోతే, మీవాడు కోర్టులో ఎంత బాగా ఆడినా బెంచీ మీద కూర్చోవాలి. అందుకే అలా మారినవాళ్లలో కొందరు ఏ క్రెడిట్లు చెల్లితే ఆ డిగ్రీలో సర్దుకుపోతారు.

మీ రెండు ఆఫర్ల విషయానికి వస్తే, డివిజన్ 1 లెక్క కాగితం మీద వేయండి. ఉదాహరణకు ట్యూషన్ 38,000 డాలర్లు, హాస్టలు భోజనం 14,000, ఇన్సూరెన్సు పుస్తకాలు 4,000 అనుకుందాం. 60 శాతం ట్యూషన్ మీదే కాబట్టి తగ్గేది 22,800. మిగిలిన 33,200 మీది. డాలరు 88 రూపాయలనుకుంటే ఏడాదికి 29 లక్షల పైమాట, ఫీజు ఏటా పెరగడం వేరే. డివిజన్ 2 ఆఫర్‌లోనూ ఒక కిటుకు ఉంది. ట్యూషన్ స్కాలర్‌షిప్‌కు పన్ను లేదు గానీ, హాస్టలు భోజనానికి ఇచ్చే భాగం మీద ఎఫ్-1 విద్యార్థికి మామూలుగా 14 శాతం పట్టుకుంటారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి రిటర్న్ వేస్తే కొంతో పూర్తిగానో తిరిగొస్తుంది. వేయాలి, అంతే. డివిజన్ 2లో స్కాలర్‌షిప్ ఎక్కువగా ఏడాదికోసారి రెన్యూవల్. గాయమైతే కొనసాగిస్తారా, గత మూడేళ్లలో ఎంతమందికి ఆపారు, జట్టులో వచ్చే ఏడాది ఎంతమంది చివరి సంవత్సరం వాళ్లు అని కోచ్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి. వాట్సాప్ కాల్‌లో ఇచ్చిన మాట అడ్మిషన్ కాగితం కాదు.

కన్సల్టెంట్‌కు ఆ పది శాతం ఇవ్వకండి. స్కాలర్‌షిప్‌లో వాటాగా ఫీజు తీసుకునేవాడిని ఎన్‌సీఏఏ ఏజెంటుగా చూస్తుంది, మీవాడి అర్హతకే ముప్పు. ఫీజు ఇవ్వాలనుకుంటే ముందే తేల్చుకున్న స్థిరమైన మొత్తం మాత్రమే, సీటు వచ్చినా రాకపోయినా ఒకటే.

నా మొగ్గు డివిజన్ 2 వైపే. అయితే ఖాయంగా చెప్పలేకపోతున్నాను. ఇంత పొడుగు ప్రశ్నలో యూటీఆర్ ఉంది, శాతాలు ఉన్నాయి గానీ, మీవాడు ఏం చదవాలనుకుంటున్నాడో ఒక్క ముక్క లేదు. ఆ డివిజన్ 2 కాలేజీలో ఆ కోర్సు లేకపోతే పైన చెప్పిన లెక్కంతా తిరగబడుతుంది. రాత్రి భోజనాల దగ్గర వాణ్నే అడగండి. రెండు కాలేజీల పేర్లతో పాటు వాడు చెప్పిన కోర్సు పేరు కూడా రాసి పంపండి.