పాత సభా కుర్చీ కొనే ముందు

చిరంజీవి రఘుకు మామయ్య ఆశీస్సులు.

నీవు కొనాలనుకుంటున్న కుర్చీ ఫోటోలను భూతద్దం పెట్టి చూశాను. అది వాషింగ్టన్‌లోని అమెరికా ప్రతినిధుల సభ కోసం 1857లో చేయించిన ఓక్ కుర్చీ అన్న మాట నిజం కావచ్చు గాని, తరువాత అమెరికా అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ సభ్యుడిగా దానిలోనే కూర్చునేవాడన్న మాట చెల్లదు. ఆయన ఆ సభలో ఉన్నది 1847 నుంచి 1849 వరకు. ఈ కుర్చీలు వేసిన కొత్త మందిరం తెరిచింది 1857 డిసెంబరులో. తరువాతి కాలంలో ఫోటో స్టూడియోలో అటువంటి కుర్చీలో కూర్చుని ఆయన దిగిన చిత్రాలున్నాయి. కథ అక్కడే పుట్టి ఉంటుంది. ఆ కథకు మాత్రం డబ్బు కట్టవద్దు.

ఆ మందిరపు వాస్తుశిల్పి థామస్ వాల్టర్ గీసిన నమూనా ప్రకారం 262 కుర్చీలను న్యూయార్క్‌లో ఒకరు, ఫిలడెల్ఫియాలో ఒకరు చేసి ఇచ్చారు కనుక, మ్యూజియంలోని కుర్చీకీ దీనికీ చెక్కడంలో చిన్న తేడా కనిపించినంత మాత్రాన నకిలీ అనుకోవద్దు. వీపు పైభాగాన నక్షత్రాలూ చారలూ ఉన్న డాలు, పక్కల ఓక్, లారెల్ ఆకులు ఉండాలి. ఆ ఆకుల లోతుల్లో వేలు పెట్టి చూడు. చేతి ఉలి పడిన చోట అంచు ఒకచోట పదునుగా, మరొకచోట కాస్త మొద్దుగా తగులుతుంది. తరువాత కుర్చీని తిరగేసి, ఇనుప మేకు చుట్టూ ఓక్ నల్లబడిందేమో చూడు. చెమ్మ తగిలితే ఆ కర్రలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి సిరా మరకలా దిగుతుంది. అయితే ఆ మరకను కావాలని పుట్టించేవారూ ఉన్నారు, అదొక్కటే సాక్ష్యం కాదు.

కొన్నాక గరుకు కాగితం దాని దరిదాపులకు రానివ్వవద్దు. నా తొలి రోజుల్లో ఒక ఓక్ కుర్చీకి పాత పాలిష్ తీయాలని కాస్టిక్ సోడా పూసి, కర్ర మొత్తం నల్లబడితే, యజమాని ముందు తలదించుకుని నిలబడ్డాను. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడమే నీ పని. కీళ్లు వదులైతే ఒకసారి గట్టిపడితే ఊడిరాని ఎపాక్సీ అనే రసాయన జిగురు పోయించకుండా, వేడినీటితో మళ్లీ ఊడదీయగల వజ్రం జిగురే (పశువుల తోలు నుంచి తీసే పాతకాలపు వడ్రంగి జిగురు) వాడమని వడ్రంగికి గట్టిగా చెప్పు. చలికాలంలో హీటరు పక్కన వేస్తే ఆ కీళ్లే ముందు విడతాయి.

డబ్బు కట్టే ముందు సీటు అడుగుభాగం ఫోటో ఒకటి పగటి వెలుతురులో తీసి పంపు.

మీ మామయ్య