గురక యంత్రం పెట్టుకుంటే గుండెకు ముప్పు తప్పినట్టేనా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 92 కిలోలు. నిద్రలో గట్టిగా గురక పెడుతూ, ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతారు. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా 150/95 దగ్గరే ఉంటోంది. పరీక్ష చేసి స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగిపోవడం) తీవ్రంగా ఉందని, సీప్యాప్ యంత్రం (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి తెరిచి ఉంచేది) వాడాలని చెప్పారు. అది వాడితే గుండెజబ్బు రాదా? బరువు కూడా తగ్గాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: యంత్రం తప్పకుండా వాడాలి, బరువూ తగ్గాలి, ఒకటి చేస్తున్నాం కదా అని రెండోది మానుకోకూడదు. నాలుకలోనూ గొంతు చుట్టూనూ కొవ్వు పేరుకున్నవారికి, నిద్రలో కండరాలు సడలగానే గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఇలా శ్వాస ఆగడం, బాగా తగ్గడం గంటకు 30 సార్లు, అంతకు మించి జరిగితే తీవ్రమైనదిగా లెక్కిస్తారు. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మేలుకుంటుంది, బీపీ ఒక్కసారిగా పైకెగస్తుంది. రాత్రి విశ్రాంతిగా ఉండవలసిన గుండెకు తెల్లవార్లూ ఇదే పని. మూడు మాత్రలకూ లొంగని బీపీ వెనుక తరచుగా ఉండే కారణాల్లో ఇదొకటి.

అయితే యంత్రం గుండెకు రక్షాకవచమని నేను చెప్పలేను. అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిపై జరిపి 2016లో ప్రచురించిన 'సేవ్' అధ్యయనంలో, సీప్యాప్ వాడినవారికి పగటి నిద్రమత్తు తగ్గింది గానీ గుండెపోట్లు, పక్షవాతం తగ్గలేదు. వారు రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారన్నది మరచిపోకూడదు. మాస్కు ఇబ్బందిగా ఉందని అర్ధరాత్రి తీసి పక్కన పడేసేవారు మన దగ్గరా తక్కువేమీ కాదు. సైజు మార్పిస్తే చాలామందికి ఆ బాధ తీరుతుంది.

మావారు లావేమీ కాదని చాలామంది అంటుంటారు గానీ, ఆసియావాసులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 25 దాటితే చాలు, స్థూలకాయంగా పరిగణిస్తారు. మీవారిది దాదాపు 33. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చాలా ఏళ్లు సాగిన అధ్యయనంలో, బరువు 10 శాతం తగ్గినవారికి శ్వాస ఆగే లెక్క సుమారు 26 శాతం తగ్గింది. మీవారి బరువులో 10 శాతం అంటే సుమారు 9 కిలోలు. బరువు తగ్గితే షుగరు, కొలెస్ట్రాల్ కూడా దారికొస్తాయి. అవి యంత్రంతో అయ్యే పనులు కావు.

బీపీ మాత్రలు సొంతంగా మానకూడదు. పగటిపూట నిద్రమత్తు ఉంటే, అది తగ్గేవరకు ఆయనను బండి నడపనివ్వకండి. రాత్రిపూట మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత సడలిస్తాయి కాబట్టి వాటికి దూరంగా ఉండాలి. బరువు బాగా తగ్గాక నిద్ర పరీక్ష మళ్లీ చేయించి, యంత్రం ఒత్తిడి మార్చాలో వద్దో అడగండి.