టెక్ సందేహాలు: గల్ఫ్ చట్టం ఫోన్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. తనంతట తాను మానేసి వస్తే గ్రాట్యుటీలో మూడింట రెండు వంతులే ఇస్తారని సూపర్‌వైజర్ చెప్పాడట. గూగుల్‌లో కొన్ని సైట్లు అదే అంటున్నాయి, కొన్ని మొత్తం వస్తుందంటున్నాయి. ఏది నమ్మాలి? (ఒక అక్క, మెట్‌పల్లి)

టెన్షన్ పడకండి అక్కా, మొత్తం రావాలి. ఆ సైట్లలో ఉన్నది పాత చట్టం. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో 1980 నాటి 8వ నంబర్ కార్మిక చట్టం ప్రకారం ఐదేళ్లు నిండకుండా మానేస్తే కోత ఉండేది. దాని స్థానంలో 2021 నాటి 33వ నంబర్ చట్టం వచ్చి, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. ఇందులో ఆ కోత లేదు. ఏడాది నిండితే చాలు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులది. బేసిక్ 1,200 దిర్హామ్‌లు అనుకుందాం. రోజుకు 40, ఏడాదికి 840, నాలుగేళ్లకు 3,360. సూపర్‌వైజర్ లెక్కన 2,240 చేతిలో పెట్టి పంపిస్తారు, అంటే దాదాపు ఒక నెల బేసిక్ పోయినట్టే.

అసలు పాఠం కావాలంటే ‘యూఏఈ లెజిస్లేషన్’ అని వెతకండి. అడ్రస్ చివర జీఓవీ డాట్ ఏఈ ఉన్నదే ప్రభుత్వ పోర్టల్, అది ఉచితం. భాష ఇంగ్లిష్‌కు మార్చి, చట్టం నంబర్, సంవత్సరం కొట్టి, 51వ ఆర్టికల్ తెరిచి, ఆ పేజీ మీ తమ్ముడికి పంపండి. పాస్‌పోర్ట్ లాంటి కాగితాలు కంపెనీ పట్టి ఉంచుకోకూడదన్నది 13వ ఆర్టికల్‌లో ఉంది, అదీ చూసుకోమనండి. ఇంగ్లిష్ పాఠం మనం అర్థం చేసుకోవడానికే, తేడా వస్తే చెల్లేది అరబిక్ పాఠమే. ఆర్టికల్ నంబర్ రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఫిర్యాదులో అది తప్పకుండా రాయాలి. ఇళ్లలో డ్రైవర్లుగా, వంటవాళ్లుగా చేసేవాళ్లకు ఇది వర్తించదు, వాళ్లకు 2022లో వచ్చిన 9వ నంబర్ చట్టం వేరే ఉంది.

సవరణల పేజీ కూడా చూడండి. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లలో, బకాయిల కోసం ఏడాదిలోపే దావా వేయాలని ఉంటుంది. 2024 సవరణతో ఆ గడువు, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండేళ్లయింది. ఆ పాత పీడీఎఫ్ చూసి ‘ఇక టైమ్ అయిపోయింది’ అని ఊరుకున్నవాళ్లు మన జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఎందరున్నారో అనుకుంటే నాకు మనసు పట్టదు. ఇంతమంది గల్ఫ్ పోయే చోట చట్టం ఏజెంట్ నోటితోనే తెలియాల్సి రావడం అన్యాయం.

ఖతార్‌కైతే ‘అల్ మీజాన్’ పోర్టల్, సౌదీకైతే అక్కడి మంత్రిమండలి ‘బ్యూరో ఆఫ్ ఎక్స్‌పర్ట్స్’ సైటు ఉన్నాయి. మిగతా దేశాల కార్మిక చట్టాలకు అంతర్జాతీయ కార్మిక సంస్థ నడిపే ‘నాట్‌లెక్స్’ చూడండి.

ప్రశ్న: హన్మకొండలో లా చదువుతున్నాను. వలస కార్మికులపై సెమినార్ పేపర్ రాయాలి. పెయిడ్ డేటాబేస్‌లు కొనలేను. ఒక ఒప్పందంలో ఇండియా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చెల్లెమ్మా, ‘యునైటెడ్ నేషన్స్ ట్రీటీ కలెక్షన్’ ఉచితం. అందులో ‘స్టేటస్ ఆఫ్ ట్రీటీస్’ నొక్కితే ఒప్పందం కింద దేశాల పట్టిక వస్తుంది. సంతకం తేదీ ఒక గడిలో, ఆమోదం (ఒప్పందానికి కట్టుబడతామని ఖాయం చేయడం) తేదీ ఇంకో గడిలో ఉంటాయి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని మార్కులు పోగొట్టుకుంటారు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం తెరిచి చూడు. ఇండియా 1997 అక్టోబర్ 14న సంతకం చేసింది, రెండో గడి ఖాళీగా ఉంటుంది. ఇక నీ పేపర్‌కు పనికొచ్చే 1990 నాటి వలస కార్మికుల ఒప్పందం తెరిస్తే ఇండియా పేరే కనిపించదు, మనవాళ్లు పోయే ఆరు గల్ఫ్ దేశాల పేర్లూ ఉండవు. నీ పేపర్ అక్కడి నుంచే మొదలుపెట్టు. విదేశీ తీర్పులకు ‘వరల్డ్ ఎల్ఐఐ’ (WorldLII), ‘బెయిలీ’ (BAILII) సైట్లు చాలు. బ్రిటన్ చట్టాలకు ప్రభుత్వ సైటు ‘లెజిస్లేషన్ డాట్ జీఓవీ డాట్ యూకే’ ఉంది. చాలా చట్టాలకు ఒక్కో తేదీన పాఠం ఎలా ఉండేదో కూడా అందులో చూడొచ్చు.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, చాట్‌జీపీటీని అడిగితే సరిపోదా? (పెద్దపల్లి)

చట్టం భాష అర్థం కాకపోతే విడమర్చి చెప్పమని అడగండి, ఆ పని బాగా చేస్తుంది. కానీ కేసుల పేర్లు, సెక్షన్ నంబర్లు లేనివి కూడా ఉన్నట్టే చెప్పగలదు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు అది కల్పించిన కేసులను సరిచూడకుండా కోర్టులో పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. అది ఇచ్చిన నంబర్‌ను పైన చెప్పిన సైట్లలో కొట్టి చూడండి. దొరక్కపోతే కాగితం మీద పెట్టొద్దు.