భూమికి ‘ఎర్త్’ అనే పేరు ఎవరు పెట్టారు?

ఫలానా వ్యక్తి అంటూ ఎవరూ లేరు. పాత ఇంగ్లిష్‌లో మట్టిని, కాళ్ల కింది నేలను ‘ఎయోర్తె’ అనేవాళ్లు. అదే ‘ఎర్త్’ అయింది. జర్మన్ ‘ఎర్డె’, డచ్ ‘ఆర్డె’ దాని తోబుట్టువులే.

మిగతా గ్రహాల ఇంగ్లిష్ పేర్లన్నీ రోమన్, గ్రీకు దేవతలవి కదా, మరి దీనికెందుకు లేదు? ఆ పేర్లు ఆకాశంలో కదిలే చుక్కలకు పెట్టినవి. నేలను చాలాకాలం గ్రహాల్లో లెక్కేయలేదు. 1543లో ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ పుస్తకం అచ్చయ్యాక, భూమి కూడా సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహమేనని మెల్లగా ఒప్పుకున్నారు. అప్పటికే నోళ్లలో నానిన పేరు అలాగే ఉండిపోయింది. (నవగ్రహాల్లోనూ భూమి లేదు, గమనించారా?)

మన ‘భూమి’కి మూలం సంస్కృత ధాతువు ‘భూ’: ఉండటం, కలగటం అని అర్థం. ‘పృథ్వి’ అంటే విశాలమైనది. పృథు చక్రవర్తి వల్ల వచ్చిందనేది పురాణాల మాట.