గ్యాస్ మాత్ర వేసుకుంటే నొప్పి మాత్ర రోజూ వాడొచ్చా?

మీరు అడిగింది ఇదీ. నాన్నగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడు నెలలుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి డైక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. బీపీకి మందులున్నాయి, అందులో ఒకటి ఒంట్లో నీరు తీసేది. ఆపమంటే "గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటున్నా కదా, ఏమీ కాదు" అంటున్నారు. నిజంగానే ఏమీ కాదా అని మీ ప్రశ్న.

నేను డాక్టర్ని కాను. కానీ మీ నాన్నగారు అన్న మాటే నాలుగేళ్ల కిందట నేనూ అన్నాను. ఆ తర్వాత రెండు యూనిట్ల రక్తం ఎక్కించుకున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు చేయాల్సిన పని చెప్పేస్తాను. ఈ వారంలోనే ఆయన్ని బీపీ మందులు రాసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పి మాత్ర సంగతి ఆ డాక్టర్‌కి తెలియకపోయే అవకాశమే ఎక్కువ. మనం మోకాలి నొప్పికి ఒకరి దగ్గరికి, బీపీకి ఇంకొకరి దగ్గరికి వెళ్తాం. ఒకరు రాసింది రెండోవారికి చూపించం. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, హిమోగ్లోబిన్, బీపీ, ఈ నాలుగూ చూడమని మీరే అడగండి. ఈలోగా బీపీ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక నా కథ. బరువు ఎత్తబోతే నడుము పట్టేసింది. డాక్టర్ ఐబుప్రోఫెన్ 400, రోజుకి మూడు, ఐదు రోజులకి రాశారు. ఐదో రోజుకి చాలా వరకు తగ్గింది. ఆరో రోజు మానేస్తే మళ్లీ కొంచెం లాగినట్టనిపించింది. "ఇంకో రెండు రోజులు" అనుకున్నాను. ఆ రెండు రోజులు ఏడు వారాలయ్యాయి. మధ్యలో పంటినొప్పి వస్తే పళ్ల డాక్టర్ వేరే మాత్ర రాశారు. "వేరే మందులేమైనా వాడుతున్నారా" అని ఆయన అడిగారు కూడా. లేదన్నాను. నడుంనొప్పి మాత్రని నేను మందుల లెక్కలోనే వేసుకోలేదు మరి. ఆ కొత్త మాత్రలో ఉన్నది ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్. స్ట్రిప్ మీద పేరు వేరు, రంగు వేరు, కాబట్టి మందు కూడా వేరే అనుకున్నాను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, కీటోరొలాక్, మెఫనమిక్ యాసిడ్ అన్నీ ఒకే కుటుంబానివని, ఏ రెండూ కలిపి వేసుకోకూడదని అప్పుడు నాకు తెలియదు. రెండు కలిపితే నొప్పి రెండింతలు తగ్గదు, ముప్పు మాత్రం పెరుగుతుంది.

అలా ఉండగా మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. నిద్ర చాలక అనుకున్నాను. విరేచనం నల్లగా, తారులా, జిగురుగా వచ్చింది. అదీ పట్టించుకోలేదు. ఎందుకంటే కడుపులో నొప్పి లేదు, మంట లేదు. అల్సర్ అంటే కడుపు మెలిపెట్టేస్తుందని కదా మనం అనుకుంటాం. ఒకరోజు స్నానానికి లేచి కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. హిమోగ్లోబిన్ 7.4. ఎండోస్కోపీలో జీర్ణాశయంలో పుండు, దాని నుంచి సన్నగా రక్తం. మరి నొప్పి ఎందుకు రాలేదని అడిగాను. "మీరు వేసుకుంటున్నదే నొప్పి మాత్ర కదండీ" అన్నారు నన్ను చూసిన డాక్టరమ్మ. ఈ మందుల వల్ల పడే పుండ్లు చాలామందిలో ముందుగా ఏ నొప్పీ చూపించకుండా, ఏకంగా రక్తస్రావంతోనే బయటపడతాయట. అందుకే "నాన్నకి కడుపులో ఇబ్బందేమీ లేదు" అని మీరు రాసిన వాక్యం చదివి నాకు ధైర్యం కలగలేదు.

ఇలా ఎందుకవుతుందో ఆవిడే చెప్పారు, తర్వాత నేనూ చదివాను. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి. కీలు దగ్గర వాపూ నొప్పీ పెంచేవి అవే. జీర్ణాశయం గోడకి యాసిడ్ తగలకుండా జిగురు పొరని కాపాడేవీ, కిడ్నీకి రక్తప్రవాహం తగ్గకుండా చూసేవీ అవే. ఆస్పిరిన్ లాంటి మందులు (ఈ నొప్పి మాత్రలూ ఆ కోవే) వీటి తయారీనే అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1982లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. అంటే మోకాల్లో నొప్పి తగ్గించే పనే కడుపులో రక్షణ తీసేసే పని కూడా. ఇది మాత్ర నాసిరకం కావడం వల్ల వచ్చే సైడ్ ఎఫెక్ట్ కాదు, మాత్ర సరిగ్గా పనిచేయడం వల్ల వచ్చేది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, గ్యాస్ మాత్ర. ఇంటికెళ్లి ఆ స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. నేను గ్యాస్ మాత్ర అంటూ వేసుకున్నది నమిలే యాంటాసిడ్. అది ఉన్న యాసిడ్‌ని కాసేపు చల్లబరుస్తుంది, అంతే. నొప్పి మాత్రల వల్ల వచ్చే పుండ్లని ఆపడానికి డాక్టర్లు రాసేది ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివి. అవి కూడా తిన్నాక గుర్తొచ్చినప్పుడు కాదు, తినడానికి ఓ అరగంట ముందు వేసుకోవాలి. మనం మాత్రం అన్నిటినీ కలిపి "గ్యాస్ మాత్ర" అనేస్తాం. మీ నాన్నగారు వాడుతున్నది నిజంగా పాంటోప్రజోలే అయితే కడుపుకి చాలా వరకు మేలే. కానీ అది పేగుల కింది భాగాన్ని కాపాడదు. కిడ్నీని కాపాడదు. గుండెని కాపాడదు. ఆయన విషయంలో నన్ను ఎక్కువ భయపెడుతున్నది కడుపు కాదు, కిడ్నీలే.

ఎందుకంటే ఇలాంటి కలయికతోనే మా పెద్దమ్మకి ముప్పు వచ్చింది. ఆవిడకి బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ (ఇది నీరు తీసేది) కలిసిన మాత్ర. దానికి మోకాళ్ల కోసం న్యాప్రోక్సెన్ తోడైంది. రెండు నెలలు బాగానే గడిచింది. తర్వాత రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. మందులు మానకూడదని పట్టుదలగా అన్నీ వేసుకుంది పాపం. మూడో రోజు మూత్రం సరిగా రాలేదు, కాళ్లు ఉబ్బాయి. ఎప్పుడూ 1 దగ్గరుండే క్రియాటినిన్ 2.6 అయింది. నొప్పి మాత్ర ఆపి, సెలైన్ పెట్టి, బీపీ మందు కొన్ని రోజులు మార్చి చూశారు. మూడు వారాల్లో 1.2కి దిగింది. అదృష్టం బాగుంది.

కిడ్నీ వడపోతకి లోపల కొంత ఒత్తిడి కావాలి. నొప్పి మాత్ర కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని ఇరుకు చేస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి బయటికి వెళ్లే దారిని వెడల్పు చేస్తాయి. నీరు తీసే మాత్ర ఒంట్లో ద్రవాన్నే తగ్గిస్తుంది. విడివిడిగా ఏదీ పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. మూడూ కలిసినప్పుడు, పైగా వాంతులో విరేచనాలో జ్వరమో వచ్చి ఒళ్లు ఎండిపోతే, కిడ్నీ చతికిలబడుతుంది. మీ నాన్నగారి బీపీ మందుల్లో ఒకటి నీరు తీసేదని మీరే రాశారు. రెండోది పై పేర్లలో ఏదైనా అయితే డాక్టర్ దగ్గరికి వారం దాకా కూడా ఆగొద్దు. వాంతులు, విరేచనాలు ఉన్న రోజున అసలే నొప్పి మాత్ర వేయొద్దు.

ఆయన మోతాదు ఎక్కువా అంటే, కాదు. డైక్లోఫెనాక్ పెద్దవాళ్లకి రోజుకి 150 మిల్లీగ్రాముల దాకా రాస్తారు, ఆయన వేసుకునేది 100. తప్పు మోతాదులో లేదు, మూడు నెలల్లో ఉంది, వయసులో ఉంది, పక్కనున్న బీపీ మందుల్లో ఉంది. మందు పెట్టెల మీద రాసే "తక్కువ మోతాదు, తక్కువ రోజులు" అనే మాటని నేను చాలా కాలం ఉత్త చట్టం కోసం రాసేదనుకున్నా. చీటీ లేకుండా సొంతంగా వాడేటప్పుడు ఐబుప్రోఫెన్‌కి రోజుకి 1200 మిల్లీగ్రాములు హద్దు. నొప్పికైతే పది రోజులకి మించి సాగదీయకుండా డాక్టర్ని కలవాలి.

గుండె సంగతి క్లుప్తంగా. రోఫెకాక్సిబ్ అనే మందు కడుపుకి తేలికని పేరు తెచ్చుకుంది. గుండెపోట్లు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలాక 2004లో దాన్ని తయారీదారులే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి "కడుపుకి మంచిది" అంటూ ఎవరైనా అదే కోవకి చెందిన ఎటోరికాక్సిబ్ ఇస్తే, బీపీ ఉన్నవాళ్లు ఊరుకోకుండా అడగాలి. డైక్లోఫెనాక్‌కీ ఆ ముప్పు ఉంది. ఈ మాత్రలన్నీ బీపీని కొంత పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. ఈ మధ్య ఆయన బీపీ ఎందుకో కంట్రోల్‌లో లేదని రాశారు కదా, కారణం ఇదే కావచ్చు.

మరి నొప్పి మాటేమిటి అంటారు. అది న్యాయమైన ప్రశ్న. నొప్పితో ఉన్న మనిషికి "మానెయ్యండి" అని చెప్పి వెళ్లిపోతే మన వెనక మళ్లీ వేసుకుంటారు, నేనైనా అంతే. మోకాలు, చేతివేళ్ల లాంటి చోట్ల డైక్లోఫెనాక్ జెల్ మంచి దారి. రాసినదాంట్లో రక్తంలోకి వెళ్లేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ, సుమారు 6 శాతం. ఒక్కరోజు రాసి పనిచేయలేదనొద్దు, కొన్నాళ్లు క్రమం తప్పకుండా రాయాలి. గాయం మీద, పుండు మీద రాయకూడదు. రాశాక వేడి కాపడం పెట్టకూడదు. చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకోకూడదు (చెబితే నవ్వుతారు, నేను చేశాను). జెల్ రాస్తూ మాత్ర కూడా వేసుకుంటే లాభమేమిటి, కాబట్టి అదీ డాక్టర్‌కి చెప్పాలి. ఆయన కిడ్నీ రిపోర్టు తేడాగా ఉంటే జెల్ కూడా అడిగాకే. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ నేర్పిస్తారు. పెద్దమ్మకి చివరికి ఎక్కువ పనిచేసింది అవే, కానీ ఫలితం కనబడటానికి రెండు నెలలు పట్టింది. పారాసిటమాల్ ఈ కుటుంబానిది కాదు, కడుపుకీ కిడ్నీకీ తేలిక. మోకాలి అరుగుదలకి దాని బలం అంతంత మాత్రమే. దానికీ హద్దుంది, పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు, లివర్ జబ్బు ఉంటే ఇంకా తక్కువ. నొప్పి మాత్రల్లో చాలావాటిలో అది ముందే కలిసి ఉంటుంది, కలిపి లెక్కేసుకోవాలి.

ఈ ప్రశ్న చదివే మిగతావాళ్ల కోసం ఒక ముక్క. గర్భం 20 వారాలు దాటాక డాక్టర్ చెప్పకుండా ఈ మాత్రలు వేసుకోవద్దు, బిడ్డ కిడ్నీలపై ప్రభావం ఉంటుంది, ఉమ్మనీరు తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఒక్క మాత్రతోనే ఊపిరి ఆడకుండా పోతుంది. డెంగీ అనుమానం ఉన్న జ్వరానికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు. పిల్లలకి జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వొద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్, లిథియం, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు ఉన్నవాళ్లు సొంతంగా ముట్టుకోవద్దు. గుండె కోసం చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడేవాళ్లకి ఐబుప్రోఫెన్ దాని పనిని అడ్డుకోగలదు. అలాగని ఆ ఆస్పిరిన్‌ని మీరే ఆపేయకండి.

నల్లటి తారులాంటి విరేచనం, కాఫీ పొడిలా కనిపించే వాంతి, ఛాతీలో బరువు, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం, ముఖమో పెదవులో వాచిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఈ సమాధానాలు చదువుతూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఐరన్ మాత్రలకీ విరేచనం నల్లబడుతుంది కానీ, అది తేల్చాల్సింది మనం కాదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి. సగం వాడినవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి, జెల్, అన్నీ. నా స్ట్రిప్పులు ఆ డాక్టరమ్మ టేబుల్ మీద పరిచి, నోటితో ఏమీ అనకుండా మూడింటిని ఒక పక్కకి జరిపారు. మూడూ ఒకే కుటుంబం. మూడోది ఎప్పుడు కొన్నానో ఇప్పటికీ గుర్తులేదు.

ఇంకొకటి, మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు, నేనూ అడిగాను. "మాత్ర బదులు ఇంజెక్షన్ చేయించుకుంటే కడుపుకి తగలదు కదా?" తగులుతుంది. పుండు పడేది మాత్ర కడుపు గోడని రాసుకోవడం వల్ల మాత్రమే కాదు, మందు రక్తంలోకి వెళ్లి ఆ ప్రోస్టాగ్లాండిన్లని ఆపడం వల్ల. ఇంజెక్షన్ అయినా, పైపూత ఉన్న మాత్ర అయినా అంతే.