సిక్లిడ్ చేపల తొట్టికి ఎంత వెలుగు కావాలి? ఏ లైటు కొనాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల సాగు చేస్తాను. పిల్లలు ముచ్చటపడితే ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న గాజు తొట్టి పెట్టి పసుపు, నీలం రంగు ఆఫ్రికన్ సిక్లిడ్‌లు ఇరవై వేశాం. చెరువు షెడ్డులో మిగిలిన 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు పైన బిగించి, పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా ఉంచుతున్నాం. అడుగున తెల్ల ఇసుక, వెనక తెల్ల గోడ. రెండు నెలల్లోనే అద్దాలకూ రాళ్లకూ పచ్చ పాచి పట్టింది. చేపలు రాళ్ల సందుల్లోంచి బయటికి రావడం లేదు, రంగు కూడా వెలిసింది. షాపులో నీలం లైటు పెట్టమంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: మీ తొట్టిలో వెలుగు చాలక వచ్చిన ఇబ్బంది కాదిది, ఎక్కువై వచ్చింది. రోజుకి 17 గంటల లైటు ఏ చేపకీ మంచిది కాదు. కొత్త లైటు కొనేలోపు ఆ ఫ్లడ్‌లైటు దించేయండి. నాలుగు రోజులు గదిలో వెలుగుతోనే ఉన్నా చేపలకి ఏమీ కాదు.

చెరువులో మీ లెక్క వేరు. అక్కడ ఎండ పడాలి, ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) కట్టాలి, నీటి తేటదనం కొలిచే సెక్కీ డిస్క్ పళ్లెం 30–40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగవాలి. నీటికి కాస్త రంగు వస్తేనే మీకు ధీమా. తొట్టిలో ఆ పచ్చదనంతో మనకి పని లేదు. చేపలు వదిలే అమ్మోనియా ఫిల్టర్‌లో నైట్రేట్‌గా మారి నీళ్లలోనే మిగిలిపోతుంది, మిగిలిన మేతలోంచి ఫాస్ఫేట్ దిగుతుంది. మీరు చెరువుకి వేసే ఎరువు లాంటివే ఇవి రెండూ. పంచుకోవడానికి మొక్కలైనా లేవు. ఇక దొరికిన వెలుగంతా పాచికే.

మీరు చెప్పిన రంగుల్ని బట్టి ఇవి ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు. పసుపుది ఎల్లో ల్యాబ్, నీలంది డెమసోనీ గానీ దాని దగ్గరి జాతి గానీ అయి ఉంటుంది. రాళ్ల మధ్య బతికే ఈ గుంపుని ఎంబూనా అంటారు. ఇవి ఇసుక తవ్వేస్తాయి, మొక్కల్ని కొరికేస్తాయి. అందుకే ఈ తొట్లలో ఆనూబియాస్ లాంటి గట్టి ఆకు మొక్క ఒకటీ అరా తప్ప వేరేవి నిలవవు. మొక్కలు పెంచే ఉద్దేశం లేనప్పుడు లైటుతో మనకి కావలసినవి రెండే: చేపలకి పగలూ రాత్రీ తేడా తెలియడం, మన కంటికి అవి బాగా కనబడడం.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీ తొట్టి 120, 45, 45 సెంటీమీటర్లు అనుకుంటే నిండా 243 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు 200 లీటర్ల దాకా ఉంటాయి. లైటు ఎంత వెలుగు ఇస్తుందో లూమెన్లలో కొలుస్తారు. మొక్కలు లేని తొట్టికి లీటరుకి 10 నుంచి 15 లూమెన్లు చాలు. అంటే 2000 నుంచి 3000 లూమెన్లు. మీ ఫ్లడ్‌లైటు దాదాపు 5000 ఇస్తుంది, అదీ ఒక్కచోటి నుంచి. నడిమధ్యన కళ్లు జిగేల్‌మంటాయి, రెండు చివరలూ చీకటి. ఆ మధ్యలోకి రావడానికి జంకి చేపలు సందుల్లో దూరుతున్నాయి.

షాపులో వాట్లు చూడకండి, డబ్బా మీద లూమెన్లు ఎన్నో చదవండి. ఇళ్లలో వాడే నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటన్ (ట్యూబులైటు లాంటి పొడవాటి లైటు) సుమారు 2000 లూమెన్లు ఇస్తుంది. తొట్టి పొడవుకి సరిగ్గా సరిపోతుంది, వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేలా పడుతుంది. ‘ఆక్వేరియం లైటు’ అని పేరున్న దానికి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం మీకు లేదు. మామూలు బ్యాటన్ మాత్రం తేమకి ఆరు నెలల్లో తుప్పు పట్టవచ్చు. అందుకని ఐపీ65 అని రాసి ఉన్న, తడిని తట్టుకునే రకం అడగండి.

అదే డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉండాలి. అది పగటి తెలుపు. 3000 కెల్విన్ పసుపు లైటు కింద నీరు మురికిగా, టీ కలిపినట్టు కనబడుతుంది. సీఆర్‌ఐ (లైటు కింద రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 80కి తగ్గకూడదు, 90 దొరికితే ఎరుపు, నారింజ రంగులు ఇంకా నిండుగా కనబడతాయి.

నీలం లైటు ఒక్కటే పెట్టమన్న సలహా మీ తొట్టికి నప్పదు. పసుపు చేప ఒంటి మీది రంగు నీలం వెలుగుని పీల్చేసుకుంటుంది, పసుపు, ఎరుపు వెలుగుల్ని వెనక్కి పంపుతుంది. పడేది నీలం మాత్రమే అయితే వెనక్కి పంపడానికి దానికేమీ ఉండదు. షాపులో వెన్నముద్దలా మెరిసిన ఎల్లో ల్యాబ్ నీలం లైటు కింద బూడిద రంగులోకి దిగిపోతుంది. డెమసోనీ మాత్రం వెలిగిపోతుంది, షాపువాళ్లు చూపించేదీ దాన్నే. రెండు రంగులూ కావాలంటే 20 వాట్ల తెల్ల బ్యాటన్‌కి తోడు 5 వాట్ల నీలం స్ట్రిప్ ఒకటి చాలు. రెండింటికీ వేరే స్విచ్‌లు పెట్టుకుంటే నీలం అక్కర్లేనప్పుడు ఆపేయవచ్చు.

బిగించే చోటు గురించి ఎవరూ చెప్పరు కానీ తేడా అంతా అక్కడే ఉంది. చాలామంది లైటుని తొట్టి మధ్యలోనో వెనక అంచునో పెడతారు. అప్పుడు వెలుగు చేప వీపు మీద పడుతుంది, మనవైపు ఉన్న పక్క నీడలో ఉంటుంది. బ్యాటన్‌ని ముందు అద్దానికి దగ్గరగా, నాలుగైదు అంగుళాల దూరంలో పెట్టండి. చేప పక్క మీద వెలుగు పడుతుంది, వెనక రాళ్లు మసకగా ఉండి చేపలకి తలదాచుకునే చోటు మిగులుతుంది. నోట్లో గుడ్లు పెట్టుకుని మూడు వారాల దాకా మేత ముట్టని ఆడచేపలకి ఆ నీడ చాలా అవసరం.

లైటుకీ నీటికీ మధ్య మూత అద్దం తప్పనిసరి. మలావి చేపలకి కఠినజలం వాడతాం కాబట్టి ఆ అద్దం మీద తెల్లటి సున్నం మరకలు కడతాయి. నెల తిరిగేసరికి అవి వెలుగుని బాగా మింగేస్తాయి. లైటు పాతబడిందనుకుని పెద్దది కొనేవాళ్లున్నారు. వారానికోసారి అద్దం తీసి నిమ్మచెక్కతో రుద్ది, మంచినీళ్లతో కడిగితే చాలు. బ్యాటన్‌కీ అద్దానికీ మధ్య రెండు అంగుళాల గాలి ఆడే ఖాళీ వదలండి. మన ఎండాకాలంలో నీరు ఎలాగూ 30 డిగ్రీలు దాటుతుంది, దానికి లైటు వేడి తోడు కాకూడదు. పాత చోక్ ట్యూబులు వద్దనేది అందుకే.

రోజుకి 8–9 గంటలు చాలు. పగలు ఇంట్లో ఎవరూ చూడకపోతే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా పెట్టుకోండి. దీనికి ప్లగ్ టైమర్ కొనండి. తిరిగే ముల్లు రకం కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయి, పోయినంతసేపూ వెనకబడుతుంది. మీ ఊళ్లో కోతలుంటే లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే మేలు. చేపలకి కనురెప్పలుండవు. చిమ్మచీకట్లో ఒక్కసారిగా లైటు వేస్తే బెదిరి రాళ్లకీ మూతకీ కొట్టుకుంటాయి. అందుకని ముందు గదిలో లైటు వేసి పావుగంట తర్వాత తొట్టి లైటు వెలిగేలా, రాత్రి తొట్టిది ఆరిన పావుగంటకి గదిది ఆపేలా చూసుకోండి. వెన్నెల పేరుతో రాత్రంతా నీలం లైటు ఉంచవద్దు, వాటికీ చీకటి కావాలి.

కిటికీ సంగతి మీరు రాయలేదు. తొట్టి మీద గంటసేపు నేరుగా ఎండ పడితే, మీ బ్యాటన్ రోజంతా ఇచ్చే వెలుగుని అది మించిపోతుంది. అలా పడుతుంటే లైటు ఎంత తగ్గించినా పాచి ఆగదు. తెర వేయండి, లేదా తొట్టి జరపండి.

ఇప్పటికే పట్టిన పాచి కోసం రాగి కలిసిన మందులేవీ పోయకండి, చేపలకీ ప్రమాదమే. ముందు అద్దాన్ని పాత బ్లేడుతో ఏటవాలుగా గీకండి. రెండు వారాలు లైటు ఆరు గంటలకి తగ్గించండి. వారానికి 50–60 లీటర్ల నీరు మార్చండి, కొత్త నీటిలో క్లోరిన్ లేకుండా చూసుకోండి. మేత రెండు పూటలా, రెండు నిమిషాల్లో తినేసేంతే. రాళ్ల మీద పాచిని మాత్రం పూర్తిగా తోమేయవద్దు. మలావిలో ఎంబూనా చేపలు చాలావరకు బతికేది రాతి మీది పాచినీ, అందులోని చిన్న పురుగుల్నీ గీరి తినే. పొట్టిగా, వెల్వెట్‌లా పట్టిన పచ్చ పొర ఉంటే వాటికి మేత, కాలక్షేపం. పొరలు పొరలుగా లేచొచ్చే, జిగురుగా వాసన కొట్టే నీలి ఆకుపచ్చ పొర ఉంటే అది వేరే, దాన్ని పైపుతో లాగి పారేయాలి.

వెలిసిన రంగుకి లైటు కంటే మీ తెల్ల ఇసుక, తెల్ల గోడ పెద్ద కారణం. పరిసరాలు తెల్లగా ఉంటే చేప ఒంట్లోని నల్ల రంగు కణాల్లో రంగు మధ్యకి ముడుచుకుని, చేప పాలిపోతుంది. వెనక అద్దానికి బయటివైపు నలుపు లేదా ముదురు నీలం షీటు అంటించండి. ఇసుకలో ముదురు రంగుది కొంత కలపండి. అయితే బలమైన మగచేప తరిమే మిగతా మగచేపలు ఎంత మంచి లైటులోనూ మసకగానే ఉంటాయి, అది వాటి గుంపు తీరు.

వైర్ల విషయం చిన్నదనుకోకండి. లైటు, ఫిల్టర్ వైర్లు ప్లగ్‌కి వెళ్లేముందు ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గర నేల మీదికి రాలిపోతుంది, ప్లగ్‌లోకి పోదు. తొట్టి ఉన్న సర్క్యూట్‌కి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. పిల్లలు చేతులు ముంచే తొట్టి కాబట్టి, నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ తీయడం వాళ్లకి ఇప్పుడే అలవాటు చేయండి.